శీతకాలమునకు ముందు గొర్రెల ఉన్ని కత్తిరించవలెనా?

వానలు వెనుకబట్టి తంగేడు పూలు విచ్చు దినములు రాగానే మన మెట్ట గ్రామములలో గొర్రెల కాపరుల ఎదుట ఒక ప్రశ్న నిలుచును. మంద ఒంటి మీద ఆరు నెలల ఉన్ని పెరిగి, వాన నీటికి, బురదకు జడలు కట్టియున్నది. రానున్నది చలికాలము. ఆ ఉన్నిని ఇప్పుడే కత్తిరించవలెనా? లేక చలికి కప్పుగా గొర్రె మీదనే ఉంచవలెనా?

పూర్వము దీనికై ఎవరును తల బద్దలు కొట్టుకొనలేదు. ఉన్ని అమ్ముడుపోయెడిది. గొంగళ్లు నేయువారికి అది కావలసియుండెను. ఏటికి రెండుసార్లు కత్తిరింపు జరుగుట పండుగ వచ్చినంత సహజము. నేడు మిల్లు దుప్పట్లు ఇంటింటికి వచ్చినవి. నల్ల ఉన్నికి గిరాకి తగ్గినది. ఉన్ని అమ్మగా వచ్చిన సొమ్ము కత్తిరించినవాని కూలికైనను చాలదని కాపరులు పలుచోట్ల మాతో చెప్పినారు. అందుచేత కొందరు కత్తిరించుటయే మానివేసిరి. మరికొందరు తీరిక దొరికినపుడు, పుష్యమాసపు చలి అనియైనను చూడక, కత్తిరించుచున్నారు. ఈ రెండు పద్ధతులును జీవాలకు హాని చేయునవే. కావున ఉన్ని ధర సంగతి కాసేపు ప్రక్కన ఉంచి, గొర్రె దేహమునకు ఏది మేలో పంచాయతీ సభ్యులకు వివరింప దలచితిమి.

మొదట ఒక విషయము స్పష్టము చేయవలెను. ఈ ప్రశ్న అన్ని గొర్రెలకు వర్తించునది కాదు. నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని లేదు; పొట్టి వెంట్రుకలు మాత్రమే కలవు. పల్లా, జోడిపి, దొర అను మూడు రకములును ఇట్టివే. వానికి కత్తెర అవసరము లేదు. ప్రశ్న అంతయు దక్కని గొర్రెను గురించినది. తెలంగాణ జిల్లాలలోను, కర్నూలు ప్రాంతములోను, వానికి ఆనుకొనియున్న కర్ణాటక, మహారాష్ట్ర మెట్టలలోను తరతరములుగా పెరుగుచున్న నల్లని ముతక ఉన్ని గొర్రె ఇదియే. ఒక్కొక్క జీవము ఏడాదికి ఇచ్చు ఉన్ని కిలోకు లోపుగనే ఉండును.

2019 పశుగణన ప్రకారము తెలంగాణలో సుమారు 1 కోటి 91 లక్షల గొర్రెలు కలవు. దేశములో ఇదియే ప్రథమ స్థానము. సుమారు 1 కోటి 76 లక్షలతో ఆంధ్ర ప్రదేశ్ రెండవది. అయితే ఈ సంఖ్యలో మాంసమునకై పెంచు వెంట్రుక గొర్రెలే నానాటికి పెరుగుచున్నవి. అనేక గ్రామములలో నెల్లూరు పొట్టేలును దక్కని మందలో కలుపుటచే సంకర సంతానము ఏర్పడినది. దాని వీపు మీద కొంత ఉన్ని, ప్రక్కల కొంత వెంట్రుక ఉండును. అట్టి మందలో ప్రతి జీవమును విడిగా చూడక తప్పదు. వీపు మీది ఉన్నిని వ్రేళ్లతో పాయ తీసి, చూపుడు వ్రేలు ఆనించి చూడుడు. ఒక కణుపు మునుగునంత దట్టముగా ఉన్ననే కత్తిరింపు మాట. లేనిచో ఆ గొర్రెను విడిచిపెట్టవచ్చును.

ఇక ఉన్ని చేయు పని ఏమి? ఉన్ని తానుగా వేడి పుట్టించునది కాదు. పోగుల నడుమ గాలిని కదలనీయక పట్టి ఉంచుటయే దాని పని. గొంగడి కప్పుకొన్నవాని ఒంటి వేడి బయటికి పోనట్లే, గొర్రె వేడియు బయటికి పోదు. గొర్రె దేహపు వేడి సుమారు 102 మొదలు 103 డిగ్రీల ఫారన్‌హీటు. దానిని నిలుపుకొనుటకు నిండు ఉన్ని గల గొర్రె గడ్డకట్టు చలిలో కూడ పెద్దగా శ్రమపడదు. క్రొత్తగా కత్తిరించిన గొర్రె స్థితి వేరు. గాలి వేడి సుమారు 25 డిగ్రీల సెంటిగ్రేడుకు తగ్గినది మొదలు అది తిన్న మేతను కరగించి ఒళ్లు వెచ్చబెట్టుకొనవలసివచ్చును. మన ఉత్తర తెలంగాణ జిల్లాలలో డిసెంబరు, జనవరి నెలల రాత్రులు 10 డిగ్రీలకు దిగువకు పోవుట సామాన్యము. పుష్యమాసములో కత్తిరించినవాడు తన మంద మేత ఎక్కడికి పోవుచున్నదో ఇక్కడ వెదుకుకొనవచ్చును.

ఉన్ని చలికే గాక ఎండకును కప్పు. ఈ మాట విని కొందరు ఆశ్చర్యపడుదురు. ఆస్ట్రేలియాలో శాస్త్రజ్ఞులు మెరినో గొర్రెలను ఎండలో నిలిపి కొలిచిరి. ఉన్ని కొసల వద్ద వేడి 80 డిగ్రీలు దాటినను, అడుగున చర్మము వద్ద అది 42 డిగ్రీల చుట్టునే ఉండెను. కావున నడివేసవిలో గొర్రెను నున్నగా కత్తిరించి రోహిణి ఎండలో తోలుటయు మేలు కాదు. రెండవ కత్తిరింపు శివరాత్రి పిమ్మట, చలి వెనుకకు తగ్గి ఎండ ఇంకను ముదరని దినములలో జరుగవలెను. ఎండ ముదురునాటికి కొంత ఉన్ని తిరిగి మొలిచియుండును.

ఇంత మేలు చేయు ఉన్నిని తీయుట ఎందుకు, అలాగే ఉంచరాదా యని ప్రశ్న రావచ్చును. ఉంచరాదు. ఉన్ని పొడిగా, విడివిడిగా ఉన్నంతవరకే గాలిని పట్టి ఉంచును. వానకాలమంతయు తడిసి, మట్టి, పేడ, పల్లేరుకాయలు చిక్కుకొని ఉండకట్టిన ఉన్నిలో గాలి నిలువదు, తేమ నిలుచును. అట్టి గొర్రె తడిగుడ్డ కప్పుకొన్న మనిషివంటిది. ఆ ఉండల అడుగున చర్మము మెత్తబడును. పేలు, పిడుదులు చేరును. తోక క్రింద పెంటికలతో తడిసిన చోట ఈగలు గ్రుడ్లు పెట్టగా పురుగులు పడి, కాపరి గమనించునాటికి పుండు లోతుగా పోయియుండును. దురదతో గొర్రె కంపకు, గోడకు ఒరయుచు మేత మానును. రక్తము పీల్చు పురుగుల వలన పిల్లలు పాలిపోవును. ఏండ్ల తరబడి కత్తెర తగులని మందలలో ఈ బాధలన్నియు ఒక్కసారి కనబడును. దక్కని గొర్రె ఉన్ని దానంతట అది రాలిపోవునది కాదు. మనిషి దానిని ఉన్నికై పెంచినాడు, తీయవలసినవాడును మనిషియే.

ఇట్లు కత్తిరించుట తప్పనిసరియైనపుడు, ఎప్పుడు అన్నదే అసలు చిక్కు.

శీతకాలపు కత్తిరింపునకు అనువైన గడువు చాల ఇరుకైనది. వానలు పూర్తిగా ఆగక ముందు కత్తిరించిన, తడిసిన గొర్రె చలిబారి పడును. దీపావళి దాటిన పిమ్మట కత్తిరించిన, చలి ముదురులోపల ఉన్ని మొలుచుటకు వ్యవధి చాలదు. నైరుతి ఋతుపవనములు తెలంగాణ నుండి సాధారణముగా అక్టోబరు నడుమ వెనుదిరుగును. కావున ఆశ్వయుజములో వాన తెరపి ఇచ్చిన మొదటి వారము మొదలు దీపావళి వరకు గల దినములే మనకు దొరకు అదను. ఈ దినములకు మరియొక గుణము కలదు. వానకాలపు పచ్చిక మేసి గొర్రెలు ఏడాదిలో మిక్కిలి పుష్టిగా ఉండు సమయమిది. కండపట్టిన గొర్రె, ఉన్ని పోయిన తరువాతి మొదటి చలిని ఓర్చుకొనగలదు. బక్కచిక్కినది ఓర్వలేదు.

ఈ అదనునకు ఒక శత్రువు ఉన్నది. అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతములో వాయుగుండములు పుట్టు కాలము. 2020 అక్టోబరు 13న తీరము దాటి వచ్చిన తీవ్ర వాయుగుండము తెలంగాణలో ఎంతటి వర్షము కురిపించినదో చాలమందికి జ్ఞాపకముండును. అంతకు రెండు దినముల ముందు కత్తిరించిన మంద బయలునందు ఉన్నచో దాని గతి ఊహించుకొనవచ్చును. కత్తిరింపు పిమ్మట మొదటి రెండు వారములు మిక్కిలి అపాయకరమైనవి. వాన, గాలి, చలి మూడును కలిసి వచ్చినపుడు ఒక్క రాత్రిలో జీవాలు ముడుచుకొని పడిపోవును. వాతావరణ శాఖ వారి సూచన చూడనిదే కత్తెర పట్టరాదు. ఆ శాఖవారి సూచనలు రైతులకు తెలుగులో చరవాణిమీదనే అందుచున్నవి. చూచుట తెలియని కాపరికి చదివి వినిపించుట పంచాయతీ సభ్యునికి ఐదు నిమిషముల పని.

రెండవ చిక్కు చూడి గొర్రెలది. ఇది మొదటిదానికంటె ముఖ్యము. దీనిని మరచుట వలననే ఎక్కువ నష్టము కలుగునని మా అభిప్రాయము. తొలకరి మేతకు ఒళ్లు చేసి జ్యేష్ఠ, ఆషాఢములలో పొట్టేలు దాటిన గొర్రెలు, ఐదు నెలలు మోసి, కార్తిక, మార్గశిరములలో ఈనును. అనగా మనము కత్తిరింప దలచిన దినములలోనే మందలో సగము గొర్రెలు నిండు చూడితో ఉండవచ్చును. వానిని పట్టి పడవేసి, కాళ్లు కట్టి, ప్రక్కలకు దొర్లించుట వలన గర్భమునకు దెబ్బ తగులును. ఈనుటకు నెలన్నర లోపు గడువున్న గొర్రెను పూర్తిగా కత్తిరింపకుండుటయే మేలు. దానికి తోక చుట్టును, తొడల లోపలను, పొదుగు చుట్టును మాత్రము నిలువబెట్టియే ఉన్ని తీయవలెను. ఈ కొద్ది పని వలన మురికి చేరదు, ఈగలు వాలవు. పుట్టిన పిల్ల తడుముకొనకుండ చన్ను పట్టుకొనును. ఉన్ని ఉండను చన్ననుకొని చీకి చీకి అలసిపోవు పిల్లలు లేకపోలేదు. వీపు మీది ఉన్ని శివరాత్రి వరకు ఆగవచ్చును; తల్లికి, దాని ప్రక్కన ముడుచుకొను పిల్లకు చలిలో అదే కప్పు.

ఇట్లు సగము తీసి సగము ఉంచుట క్రొత్త పద్ధతి కాదు. ఇంగ్లండు వంటి చలిదేశములలో గుర్రములను పెంచువారికిని ప్రతి సంవత్సరము ఇదే ప్రశ్న ఎదురగును. పగటి ప్రొద్దు తగ్గుకొలది గుర్రము దట్టమైన రోమములు పెంచుకొనును. అట్టి గుర్రము బండి లాగినను, స్వారి మోసినను చెమటతో తడిసి, ఆ తడి త్వరగా ఆరక చలికి వణుకును. అందుచేత పనిచేయు గుర్రమునకు మెడ క్రింద, పొట్ట క్రింద, చెమట ఎక్కువ పట్టు చోట్ల మాత్రము రోమములు తీసి, వీపు మీదివి ఉంచుదురు. కొట్టములో పైన కంబళి కప్పుదురు. పనిలేక బయలునందే మేయు గుర్రమును కత్తిరింపక విడిచిపెట్టుదురు. రోమము తీసినవాడే కంబళి సమకూర్చవలెనన్నది అక్కడివారి లెక్క. మన గొర్రెకు కంబళి కప్పువాడు లేడు. దాని ఉన్నితో నేసినది మనమే కప్పుకొందుము. కావున దానికి బదులుగా రాత్రివేళ గాలి తగులని దొడ్డి అయినను చూపవలెను.

ఈ దొడ్డి సంగతి పొలములలో మందలు పెట్టు కాపరులకు ముఖ్యముగా వర్తించును. పంట కోసిన చేలలో ఎరువు కొరకు రాత్రులు మంద నిలుపుట మన ఆచారము. రైతుకు లాభము, కాపరికి గింజలో, రూకలో దొరకును. కాని క్రొత్తగా కత్తిరించిన మందను రెండు వారముల వరకు బయలు చేలలో పెట్టరాదు. ఆ పదునైదు దినములు ఊరి దొడ్డిలోనో, గట్టు చాటున తడకలు కట్టిన చోటనో ఉంచవలెను. దూరప్రాంతములకు వలసపోవు మందలకు ఇది సాధ్యము కానిచో వాని చలికాలపు కత్తిరింపు మానుకొనుటయే క్షేమము. వానికి తోక చుట్టు, పొట్ట క్రింద మాత్రము తీసి, తక్కినది వేసవికి ముందు తీయవచ్చును. ఆరు నెలల లోపు పిల్లలకు, జబ్బుపడి లేచినవానికి, పండ్లు అరిగిన ముసలివానికి ఇదియే నియమము.

కత్తిరించు దినమున పాటింపవలసినవి కొన్ని కలవు. ముందటి రాత్రి మేత పెట్టరాదు. నిండు కడుపుతో పడుకోబెట్టిన గొర్రె ఆయాసపడును. ఉన్ని పొడిగా ఉండవలెను. తడి ఉన్ని మూటలో కుళ్లి వేడెక్కి పాడగును. నేల అలికినదిగాని, పట్టా పరచినదిగాని కావలెను. కత్తెర పదునైనది, తుప్పులేనిది ఉండవలెను. తుప్పు కత్తెరతో తెగిన గాయము నుండి ధనుర్వాతము పుట్టి మంచి జీవాలు చచ్చిన సందర్భములు పశువైద్యులకు తెలిసినవే. టీకా విషయము వారినే అడుగవలెను. చర్మమును సాగదీసి కత్తిరించినచో మడతలు తెగవు. తెగినచోట వెంటనే టింక్చరు అయోడిను పూసి, ఈగలు వాలకుండ వేపనూనె రాయవలెను. మందకు మందకు నడుమ కత్తెరలు మరుగు నీటిలో కడుగుట మరువరాదు. ఒక మంద చర్మవ్యాధి మరొక మందకు ఎక్కుటకు కత్తెరయే వాహనము. చర్మమునకు మరీ ఆనించి నున్నగా గొరుగక, పలుచని పొర ఉండనిచ్చుట చలికాలపు కత్తిరింపులో మంచిది.

కత్తిరించిన రెండు వారములకు గాయములు మానును, ఉన్ని ఇంకను పొట్టిగానే ఉండును. పేలు, పిడుదులు, గోమార్లు పోవుటకు మందు స్నానము చేయించు అదను అదియే. మందు నేరుగా చర్మమునకు తగులును. తక్కువ మందుతో పని జరుగును. ఏ మందు, ఎంత నీటికి ఎంత అన్నది పశువైద్యుడే నిర్ణయింపవలెను. దుకాణదారు మాట చాలదు. స్నానము ఉదయము ఎండ వచ్చిన తరువాత చేయించి, సాయంకాలములోగా ఒళ్లు ఆరనీయవలెను. దాహముతో ఉన్న గొర్రె మందు నీరు త్రాగును గనుక ముందే కడుపు నిండ నీరు పెట్టవలెను.

ఇక్కడ పంచాయతీ తప్పక పట్టించుకొనవలసిన పని ఒకటి ఉన్నది. స్నానపు మందులలో సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటివి చేపలకు మిక్కిలి విషము. తొట్టి నీటిని చెరువు కాలువలోనికి వదలినచో మత్స్యకారుల సంవత్సరపు ఆదాయము ఒక్క దినమున తేలి గట్టునకు వచ్చును. కాపరికి, మత్స్యకారునికి తగవు పడిన తరువాత పెద్దమనుషులు కూర్చుండుటకంటె, చెరువుకు, బావులకు, బోర్లకు దూరముగా మెరక నేలలో స్నానపు తొట్టికి స్థలము ముందే చూపుట సులభము. వాడిన నీరు ఎక్కడికి పంపవలెనో పశువైద్యుని సలహాతో నిర్ణయించి, ఆ స్థలమునకు కంచె వేయవలెను.

రాజ్యాంగమునకు 1992లో జరిగిన 73వ సవరణతో చేర్చిన పదునొకండవ షెడ్యూలులో పశుపోషణయు, గ్రామీణ కుటీర పరిశ్రమలును పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. ఈ రెండును గొర్రె వద్ద కలియుచున్నవి. పంచాయతీ చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. గ్రామములోని గొర్రెల పెంపకందార్ల సహకార సంఘము వారితో మాటలాడి ఊరికంతకు ఒకే వారమును నిర్ణయించుట. నీడ, నీరు, చదును నేల గల చోటు చూపుట. ఆ వారములో పశువైద్య సిబ్బంది వచ్చునట్లు ముందుగా తెలియజేయుట. అత్యవసరమైనపుడు సంచార పశువైద్య వాహనమునకు 1962 నంబరుకు ఫోను చేయవచ్చును. అందరు కాపరులు ఒకే వారమున కత్తిరించినచో మందు స్నానమును ఒకేసారి జరుగును. ఒక మంద శుభ్రమై ప్రక్క మంద పేలతో ఉన్నచో నెల తిరుగకముందే రెండును ఒకటే యగును.

కూలి సంగతి మిగిలినది. కాపరులు ఒకరి మందకు ఒకరు బదులు వెళ్లి కత్తిరించు పాత పద్ధతి కొన్ని ఊళ్లలో ఇంకను ఉన్నది. ఒకే వారమును నిర్ణయించినచో ఆ బదులు పని తిరిగి సాధ్యమగును. ఉన్నిని ఊరంతయు ఒకచోట చేర్చి, ఎక్కువ పొడవుగలది, పొట్టిది, మురికిది వేరుచేసినచో కొనువాడు వచ్చి చూచుటకైనను ఒప్పుకొనును. పది కిలోల మూట కొరకు ఎవడును రాడు. రాట్నము వడికి, చింతగింజల గంజి పట్టించి గొంగడి నేయగలవారు మండలములో ఎవరైన మిగిలియున్నారేమో విచారింపవలెను. అమ్ముడుపోని పొట్టి, మురికి ఉన్నిని కంపల మీద పారవేయుట, తగులబెట్టుట తగదు. ఉన్నిలో నత్రజని అధికముగా ఉన్నది. మామిడి, కొబ్బరి పాదులలో పూడ్చినచో మెల్లగా కుళ్లి ఎరువగును, పాదు తేమను గూడ కొంత నిలుపును. మందు స్నానము తరువాత తీసిన ఉన్నిని మాత్రము కూరగాయల మళ్లలో వేయరాదు.

గాంధీ జయంతినాడు, అక్టోబరు 2వ తేదీన, అనేక గ్రామములలో గ్రామసభ జరుగును. వారము నిర్ణయించుటకు, ఏ మందలు కత్తిరింపవలెనో ఏవి ఆగవలెనో కాపరులచేతనే చెప్పించుటకు అది తగిన సమయము. ఆ వారములో ఆకాశము మబ్బు పట్టినచో తేదీ మార్చుకొనవచ్చును. అయితే దీపావళి దాటినచో ఆ సంవత్సరమునకు తోకలు, తొడలు మాత్రము శుభ్రముచేసి, తక్కిన ఉన్నిని శివరాత్రి వరకు గొర్రెల మీదనే ఉండనీయవలెను.